బీగం వేసి లెక్కపెట్టిన పార్కు

మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. మదనపల్లె పురపాలక కార్యాలయం మేడమీది సమావేశ మందిరంలో, వెనక వరుస కుర్చీలోంచి లేచి, నేను రాసిచ్చిన లెక్క తప్పని చెప్పాను. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి వేళ ఇంత కచ్చితంగా గుర్తుంది. నా సర్వీసు అప్పటికి ఇంకా పద్నాలుగు నెలలు మిగిలి ఉంది. పార్కుల మేస్త్రీ అలాంటి సమావేశంలో నోరు తెరవడం ఆనవాయితీ కాదు. ఫలానా పార్కుకు దారి ఎటు, బోరు పనిచేస్తోందా లేదా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి పిలుస్తారు. అడగకపోతే టీ తాగి వచ్చేయాలి.

మా ఆఫీసు మాటల్లో మేస్త్రీ అంటే తాపీ పనివాడు కాదు. పైన కమిషనర్ ఉంటారు. పార్కులు ఇంజనీరింగ్ విభాగం కిందికి వస్తాయి కాబట్టి మాకు అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ, పై అధికారి. ఆయన కింద వర్క్ ఇన్‌స్పెక్టర్, ఆ కింద మేస్త్రీ, ఆ కింద నీళ్లు పోసేవాళ్లు, కంచె కత్తిరించేవాళ్లు, ఊడ్చేవాళ్లు. వాళ్ల హాజరు రాసుకుని, వాళ్లచేత పని చేయించి, పైవాళ్లకు జవాబు చెప్పేదే మేస్త్రీ పని. పార్కు తాళంచెవి కూడా మేస్త్రీ దగ్గరే ఉంటుంది. ఈ కథంతా ఆ తాళంచెవి గురించే అనుకోవచ్చు.

నేను నీళ్లు పోసే కూలీగా చేరినప్పుడు హాజరు పుస్తకంలో వేలిముద్ర వేసేదాన్ని. ముప్ఫై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. నామీద జాలిపడి ఎవరూ నేర్పలేదు. చెట్లకు పేర్లు రాసిన రేకు పలకలు కట్టే పని నాకు పడింది. నేరేడు చెట్టుకు కానుగ పలక కట్టాను. అప్పటి ఇంజనీరు నలుగురి ముందూ నవ్వాడు. ఆ మరునాటి నుంచి ఒక్కో పలక కింద నిలబడి, చెట్టు పేరు నాకు ముందే తెలుసు కాబట్టి, ఆ పేరులో ఏ గీత ఏ శబ్దమో విడదీసుకుంటూ పోయాను. వేపతో మొదలుపెట్టి నిద్రగన్నేరు దాకా వచ్చేసరికి ఏడాది పట్టింది. తర్వాత ఓపెన్ స్కూల్లో పది పాసయ్యాను. మేస్త్రీని చేశారు. లెక్క మాత్రం అంతకుముందే వచ్చు. మనుషులను లెక్కపెట్టాలంటే కొంగులో కానుగ గింజలు పోసుకుని, ఒక్కో మనిషికి ఒక్కో గింజ కుడి చేతి సంచిలో వేసేదాన్ని. చివర గింజలు లెక్కపెడితే సరిపోతుంది. మధ్యలో ఎవరు పలకరించినా లెక్క తప్పదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ల పార్కులకూ కలిపి ఇరవై ఏళ్ల ప్రణాళిక వేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పని హైదరాబాదులో ఉండే ఒక కన్సల్టెన్సీకి ఇచ్చారు. వాళ్లు భార్గవి అనే అమ్మాయిని పంపారు. పట్టణ ప్రణాళికలో పెద్ద చదువు చదివింది. ఎండకు టోపీ పెట్టుకునేది, మాట మెత్తన. ఆమె వెంట మూడు ఊళ్లూ తిరగడానికి ఏఈ నన్ను పంపారు. తిరగడంతోపాటు, ఉన్న పార్కులకు ఏ గంటలో ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టి పట్టిక నింపడం నా పని.

ఈ పని ఎలా జరుగుతుందో భార్గవి నాకు మొదటి రోజే బస్సులో చెప్పింది. ఇంతకుముందు జరిగిన జనగణనల అంకెలు తీసుకుంటారు. పదేళ్లకోసారి ఊరు ఎంత పెరిగిందో చూస్తారు. ఆ పెరుగుదల అలాగే సాగితే ఇరవై ఏళ్లకు ఎంతమంది అవుతారు, పెరిగే వేగమే మారితే ఎంతమంది అవుతారు అని రెండు మూడు రకాలుగా లెక్క వేసి కాగితం మీద గీత గీస్తారు. దాన్ని ప్రొజెక్షన్ అంటారు. ఊరి మొత్తాన్ని వార్డులకు పంచుతారు. మనిషికి ఇంత ఖాళీ జాగా ఉండాలని ఒక కొలత ఉంది. దాంతో గుణిస్తే ఏ వార్డుకు ఎంత పార్కు కావాలో తేలుతుంది. అందులో ఇప్పుడున్నది తీసేస్తే మిగిలేది లోటు. లోటున్న వార్డులో కొత్త జాగా చూస్తారు. జనం తగ్గే వార్డులో, వాడకం కూడా లేని పార్కు ఉంటే, ఆ జాగా వేరే పనికి ఇవ్వొచ్చని రాస్తారు.

నాకు సులభంగానే అర్థమైంది. నమ్మకం మాత్రం కుదరలేదు. పుట్టని వాళ్లను లెక్కపెట్టే పని నేనెప్పుడూ చేయలేదు.

మొదట పుంగనూరు పోయాం. ఊరి అంచున ఒక వార్డు చాలా వేగంగా పెరుగుతుందని భార్గవి పటంలో ఉంది. కారణం లేఅవుట్లు. పొలాన్ని ప్లాట్లుగా కోసి అమ్మేటప్పుడు కొంత భాగం ఖాళీ జాగాగా వదిలి పురపాలికకు రాసివ్వాలి. అలా వచ్చిన జాగాలో పెద్ద పార్కు వేయొచ్చని ఆమె గుర్తు పెట్టుకుంది. తీరా ఆడికి పోతే ఇల్లు లేదు, మనిషి లేడు. కనుచూపు మేర హద్దు రాళ్లు. రాళ్ల మధ్య గొర్రెలు. గొర్రెల వెనక మునెప్ప అనే ముసలాయన.

“యాడ తాతా ఈడ జనం?” అని అడిగాను.

“జనమా? రాళ్లు నాటి పోయినారు మా. బెంగుళూరోళ్లు ఆదివారం కార్లో వస్తారు, వాళ్ల రాయి వాళ్లు సూసుకోని, దాని పక్కన నిలబడి ఫోటో దీసుకోని పోతారు. యాల అడగతాండావు, ఏం కడతారు ఈడ?”

“పార్కంట.”

“కట్టండి, కట్టండి. పాపం రాళ్లకు పొద్దు పోవల్ల గదా!”

నేను పగలబడి నవ్వాను. భార్గవి నవ్వలేదు. టోపీ తీసి చెమట తుడుచుకుంటూ, ఇళ్లు లేనప్పుడే జాగా పక్కన పెట్టాలి, ఇళ్లు వచ్చాక అడిగితే ఎవరిస్తారు అంది. ఆ మాట నిజమే అనిపించింది. పైకి మాత్రం ఒప్పుకోలేదు.

తర్వాత కుప్పం. అక్కడ స్టేషనుకు దగ్గరి వార్డులో జనం ఎక్కువ, ఇంకా పెరుగుతారని గీత చెబుతోంది. ఆ వార్డు పార్కులో రెండు రోజులు గేటు దగ్గర కూర్చున్నాను. సంచిలో గింజలు పడితే కదా! గేటు పక్కన పూలు కట్టి అమ్ముకునే సెల్వి నా అవస్థ చూసి నవ్వింది.

“ఏమ్మా, ఎవురికోసరం కాసుకోనుండావు? ఈ ఊరోళ్లంతా తెల్లారకముందే బెంగుళూరు రైలెక్కి పనికి పోతారు. సోమారం మొదులు శనారం దాకా ఈడ ఉండేది నేనూ, ఈ కుక్కలూనే. ఆదివారం రా, నిలబడేదానికి జాగా సిక్కదు.”

భార్గవితో అన్నాను: “నీ గీత తెల్లారి రైలెక్కి పోతాందంట మా.” ఆమె ఈసారి నవ్వింది. నవ్వి, ఆదివారం లెక్క వేరుగా తీయాలని పుస్తకంలో రాసుకుంది. ఆ రాసుకోవడం చూసి నాకు గర్వం వచ్చింది. చదువుకున్న అమ్మాయి కాగితాన్ని రెండు ఊళ్లలో రెండుసార్లు నేను తప్పు పట్టానని మదనపల్లెకు వచ్చాక మా పనివాళ్లందరికీ చెప్పాను. ఒకసారి చెప్పి ఊరుకోలేదు.

ఇక మా ఊరి సంగతి. టమోటా మార్కెట్టు దగ్గర ఒక చిన్న పార్కు ఉంది. మార్కెట్టు పార్కు అనే అంటారు. చుట్టూ ప్రహరీ, ఒకటే గేటు, లోపల ఆరు నిద్రగన్నేరు చెట్లు, ఒక బోరు, పిల్లలకు రెండు ఉయ్యాలలు. కొమ్మలు గోడ దాటి బయటికి కూడా నీడ ఇస్తాయి. ఈ పార్కు ఉదయం ఐదున్నరకు తీసి పదికి మూస్తాం. మళ్లీ సాయంత్రం నాలుగుకు తీసి ఎనిమిదికి మూస్తాం. మధ్యలో ఊడ్చుకోవాలి, నీళ్లు పెట్టుకోవాలి. తీసి ఉంచితే పేకాటవాళ్లు చేరతారని కూడా అనేవాళ్లు. ఈ వేళలు ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను చేరకముందు నుంచీ ఉన్నాయి. పదికి గేటు మూసి, బీగం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని ఇంకో పార్కుకు పోయేదాన్ని. ఇరవై ఏళ్లకు పైగా అదే పని.

లెక్కకు భార్గవి ఇచ్చిన పట్టికలో ఉదయం ఐదు నుంచి రాత్రి ఎనిమిది దాకా గంటకో గడి ఉంది. పదిహేను రోజులు లెక్కపెట్టాను. ఉదయం నడిచేవాళ్లు కొందరు, సాయంత్రం పిల్లలు కొందరు. పది నుంచి నాలుగు దాకా గడులన్నిటిలో గుండ్రంగా సున్నాలు చుట్టాను. బీగం వేసిన పార్కులో మనుషులుండరు కాబట్టి నాకది నిజమైన అంకె. ఖాళీగా వదిలి ఉండొచ్చు. కానీ అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నవాళ్లకు ఖాళీ గడి అంటే భయం. రాయడం రాక వదిలేసిందని అనుకుంటారేమోనని. నా పట్టికల్లో ఎప్పుడూ ఒక్క గడి ఖాళీ ఉండేది కాదు. దానికి నన్ను మెచ్చుకున్నారు కూడా.

నెలలు గడిచాయి. ముసాయిదా వచ్చింది. ప్రజలు అభ్యంతరాలు చెప్పుకోవడానికి తెలుగులో దాని సారాంశం ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ బోర్డు ముందు నిలబడి, వేలు కింద పెట్టుకుంటూ చదివాను. నేను నిదానంగా చదువుతాను, కానీ వదలకుండా చదువుతాను. మూడో కాగితంలో ‘కొనసాగించనవసరం లేనివి’ అని ఒక శీర్షిక. దాని కింద ఒకటే పేరు, మార్కెట్టు పార్కు. ఆ వార్డులో ఇళ్లు టమోటా వేలం వేసే మండీలుగా, గోడౌన్లుగా మారుతున్నాయి కాబట్టి జనాభా ముందు ముందు తగ్గుతుందని, ఇప్పటి వాడకం కూడా చాలా తక్కువని, ఆ జాగాను టమోటా లారీలు నిలిపే స్టాండుగా మార్చవచ్చని రాసి ఉంది. మంగళవారం సమావేశంలో ఖరారు చేస్తారు.

అక్కడి నుంచే భార్గవికి ఫోన్ చేశాను. కోపంగానే మాట్లాడాను.

“ఏమ్మా, నా పార్కును తీసేసినావంట?”

“నేను తీయలేదమ్మా. మీ పట్టికే అది. మధ్యాహ్నమంతా సున్నాలు. సరాసరి తీస్తే ఏమీ మిగల్లేదు.”

“గేటుకు బీగం ఏసుంటే సున్న కాక ఏముంటాది?”

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత మెల్లగా, “బీగం వేస్తారని మీరు నాకు చెప్పలేదే. మదనపల్లెలో నేను చూసింది పొద్దున పూటే” అంది.

“నువ్వు అడగలేదే” అన్నాను. అని ఫోన్ పెట్టేశాను. కానీ ఆ మాటతో నా తప్పు తగ్గలేదని ఆ రోజంతా తెలుస్తూనే ఉంది. పుంగనూరులో గొర్రెలకాపరిని అడిగాను, కుప్పంలో పూలావిడను అడిగాను. నా సొంత పార్కులో ఎవరినీ అడగలేదు.

అడగవలసిన వాళ్లు ఎవరో నాకు తెలుసు. మార్కెట్టులో మంచి కాయ, చెడు కాయ వేరుచేస్తూ టమోటా ఏరే ఆడవాళ్లు. పెద్దతిప్పసముద్రం, కలకడ వైపు పల్లెల నుంచి కాయ దిగే నెలల్లో వచ్చి, మార్కెట్టు వెనక గదుల్లో నలుగురైదుగురు కలిసి అద్దెకుంటారు. తెల్లవారుజామున పని మొదలవుతుంది. పదకొండుకు మొదటి ఏరుడు అయిపోతే, లోడింగు మొదలయ్యే మూడింటిదాకా వాళ్లకు పని లేదు. పిల్లలను ఎత్తుకుని వచ్చి మా ప్రహరీ గోడకు ఆనుకుని, బయటికి వాలిన కొమ్మల నీడలో కూర్చునేవాళ్లు. గేటుకు అడ్డంగా బుట్టలు పెడుతున్నారని ఎన్నోసార్లు కట్టెతో గేటు మీద కొట్టి లేపాను. వాళ్లు పార్కుకు వచ్చినవాళ్లని నాకెప్పుడూ తట్టలేదు. వాళ్లు గోడ బయట ఉన్నారు కదా.

శనివారం పన్నెండు గంటలకు అక్కడికి పోయాను. కలకడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన నాగమ్మ నన్ను చూసి బుట్ట జరిపింది. ముప్ఫై ఏళ్లు ఉంటాయి. ఒళ్లో చంటిబిడ్డ, పక్కన నాలుగేళ్ల పిల్ల నిద్రపోతున్నారు.

“ఏం మేస్త్రమ్మా, ఈ పొద్దు కట్టె మర్సిపోయినావే! సెయ్యి బాగలేదా?”

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను వాళ్ల మధ్య కూర్చుని, ఈ పార్కు తీసేసి లారీ స్టాండు పెడతారంట అని చెప్పాను. నాగమ్మ తలెత్తి పైకొమ్మలకేసి చూసింది.

“చెట్లు?”

“చెట్లూ పోతాయి, గోడా పోతాది.”

నాగమ్మ పిల్ల తలకింద కొంగు సర్దింది. “అయితే బిడ్డల్ని మండీలోనే పండబెట్టుకోవల్ల ఇంక. మొన్న లారీ ఎనక్కొస్తా క్రేట్ల వరసను తోసేసె. ఆ క్రేట్ల సందులోనే ఇది పండుకోనుండె. జానెడు దూరంలో నిలిచె లారీ. ఆ పొద్దు నుంచి ఎంత ఎండైనా ఈడికే ఎత్తుకోని వస్తాండా. డ్రైవరును ఏమని తిట్టేది? వానికి ఎనక ఏం కనపడతాది?”

“మిమ్మల్ని జనాభా లెక్కలో ఈ ఊర్లో రాసుకున్నారా?”

“మాది ఈడ యాడ రాస్తారు? మా ఊర్లో మా మామ చెప్పి రాయించినాడంట. నేను ఆడుండేది ఎన్ని దినాలు, ఈడుండేది ఎన్ని దినాలు అని అడిగినోళ్లు లేరు.”

కానుగ గింజలు తీసి లెక్కపెట్టాను. గోడ పొడుగునా పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి నలభై ఒక్కమంది. ఆ నలభై ఒక్కమంది భార్గవి గీతలోనూ లేరు, నా పట్టికలోనూ లేరు.

అప్పుడు నేను చేసింది నిబంధనలకు విరుద్ధం. నడుములోంచి తాళంచెవి తీసి గేటు తెరిచాను. పార్కు వేళలు మార్చడానికి మేస్త్రీకి అధికారం లేదు. వర్క్ ఇన్‌స్పెక్టర్ రాయాలి, ఏఈ సిఫారసు చేయాలి, కమిషనర్ సంతకం పెట్టాలి. ఆ ఫైలు మంగళవారం లోపల కదలదని సర్వీసంతా ఫైళ్లు మోసిన మనిషిగా నాకు తెలుసు. శని, ఆది, సోమ మూడు రోజులూ పది నుంచి నాలుగు దాకా గేటు తీసే ఉంచి, గంటగంటకు లెక్క రాశాను. రెండో రోజుకే మండీ హమాలీలు కూడా వచ్చి పడుకున్నారు. పేకాటవాళ్లు వచ్చారా అంటే వచ్చారు, ఇద్దరు. వాళ్లను తరమడానికి నేను లేచేలోపే నాగమ్మ అందుకుంది.

“అప్పా, ఈడ బిడ్డలు నిద్దరపోతాండారు. మీ రాజుకూ రాణికీ యాడన్నా కల్యాణ మండపం సూసుకోండి, పో!”

వాళ్లు ముక్కలు జేబులో వేసుకుని పోయారు. ఇరవై ఏళ్లుగా ఎవరికి భయపడి బీగం వేశానో వాళ్లు పోవడానికి అర నిమిషం పట్టింది.

మంగళవారం సమావేశంలో ముసాయిదాను ఒక్కో వార్డుగా చదువుతూ వచ్చారు. మార్కెట్టు వార్డు వచ్చినప్పుడు, ఆ వార్డు కౌన్సిలర్ శ్రీరాములప్ప లారీ స్టాండు ఎందుకు కావాలో చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. లారీలు రోడ్డు మీద నిలిస్తే ఆంబులెన్సు పోవడానికి కూడా దారి ఉండదు. ఎవరైనా అభ్యంతరం చెబుతారా అని కమిషనర్ ప్రభావతి గారు అడిగారు. అప్పుడు లేచాను.

వాడకం పట్టిక నేను రాసిందేననీ, అది తప్పనీ, పది నుంచి నాలుగు దాకా గేటు మూసి ఉంచి సున్నాలు వేశాననీ, మూడు రోజులు గేటు తీసి మళ్లీ లెక్కపెట్టాననీ చెప్పి కొత్త పట్టిక ముందుకు పంపాను. కాగితం చేతులు మారుతూ పోతుంటే శ్రీరాములప్ప కుర్చీలో ఇటు తిరిగాడు.

“ఏం రెడ్డెమ్మా, పదైదు దినాలు సున్నాలు సుట్టి, ఈ పొద్దొచ్చి తప్పంటే ఎట్ల? రేప్పొద్దు ఇదీ తప్పంటావేమో. నీకేం, పద్నాలుగు నెలలకు ఇంటికి పోతావు. లారీల కింద నలిగేది నా వార్డోళ్లు.”

“లారీల కింద నలగకూడదనే టమోటా ఏరేవాళ్లు బిడ్డల్ని ఆ పార్కుకు ఎత్తుకొస్తాండారు అన్నా” అన్నాను. గట్టిగానే అన్నాను. ఏఈ ఇమ్రాన్ గారు నన్ను కూర్చోమని సైగ చేశారు. నేను కూర్చోలేదు.

కమిషనర్ రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఈ రెండిట్లో దేన్ని నమ్మమంటారు అని నన్నే అడిగారు.

“రెండూ నావే మేడం. మొదటిది బీగం వేసి లెక్కపెట్టింది. రెండోది తీసి లెక్కపెట్టింది. పార్కు ఎవరికి పనికొస్తుందో తెలియాలంటే తీసింది చూడండి. నేనెంత తెలివితక్కువగా పని చేశానో తెలియాలంటే మొదటిది చూడండి.”

అప్పుడు భార్గవి లేచింది. తప్పు సగం తనదని చెప్పింది. తన ప్రొజెక్షన్ ఆ వార్డులో ఇళ్లున్నవాళ్లకే వర్తిస్తుందనీ, కాయ దిగే నెలల్లో వచ్చి ఉండేవాళ్లు వాళ్ల పల్లెల లెక్కలో ఉంటారు కాబట్టి ఇక్కడ కనిపించరనీ, పార్కు ఏ వేళల్లో తెరిచి ఉంటుందో అడగకుండా సరాసరి తీయడం తన పొరపాటనీ అంది. పెద్ద చదువు చదివిన మనిషి కన్సల్టెన్సీ తరఫున వచ్చి అందరి ముందూ అలా చెప్పడం చిన్న సంగతి కాదు. ఆమె యజమానులు దానికి ఆమెను ఏమన్నారో నాకు తెలియదు, అడగలేదు.

అనుమతి లేకుండా గేటు తెరిచిన విషయం ఏఈ ప్రస్తావించారు. ప్రస్తావించడం ఆయన బాధ్యత. దానికి మెమో ఇస్తామని, అది వేరే సంగతి అని కమిషనర్ అన్నారు. పార్కును ఆ జాబితాలోంచి తీసి, కాయ దిగే నెలల్లో ఒకసారి, లేని నెలల్లో ఒకసారి గేటు తీసి ఉంచి మళ్లీ లెక్క తీయాలని, అప్పటిదాకా నిర్ణయం ఆపాలని రాయించారు.

మళ్లీ లెక్క తీశాం. పార్కు నిలిచింది. మొత్తంగా నిలవలేదు. లారీలు మలుపు తిరగడానికి ఉత్తరం వైపు ఒక పట్టీ ఇవ్వవలసి వచ్చింది, రెండు నిద్రగన్నేర్లు పోయాయి. నాకు అది నచ్చలేదు, కానీ శ్రీరాములప్ప చెప్పిన ఆంబులెన్సు మాట కూడా నిజమే. గేటు ఇప్పుడు మధ్యాహ్నం తీసే ఉంటుంది. ఊడ్చే పని తెల్లవారకముందుకు మార్చారు. మెమో నా సర్వీసు రిజిస్టరులో అలాగే ఉంది. దానికి సంజాయిషీ ఒకటిన్నర పేజీ నేనే రాశాను, ఎవరి చేతా రాయించలేదు. ఒక ఇంక్రిమెంటు కొన్నాళ్లు ఆగింది.

రిటైరై ఇప్పటికి మూడేళ్లు. పుంగనూరులో ఆ రాళ్ల మధ్య ఇళ్లు లేస్తున్నాయని విన్నాను. పార్కు జాగా పురపాలిక పేరుమీదే ఉంది కాబట్టి ఎవరూ కట్టుకోలేకపోయారు. ఆ విషయంలో భార్గవి మాటే సరి, నా నవ్వు సరి కాదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. ప్రొజెక్షన్ మనం ఇచ్చినదాన్నే పెంచి తిరిగి ఇస్తుంది. నేను సున్న ఇచ్చాను, అది ఇరవై ఏళ్ల సున్న చూపించింది. ఎంతమంది ఉంటారో చెబుతుంది కానీ, మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటల ఎండలో వాళ్లు ఎక్కడ కూర్చుంటారో చెప్పదు. లెక్కకు కూర్చునే ముందు తాళంచెవి ఎవరి దగ్గరుందో, ఏ వేళకు తీస్తున్నారో అడగండి. గోడకు అవతలివైపు కూడా ఒకసారి నడిచి రండి. తెలియని గడిని ఖాళీగానే వదలండి. ఖాళీ గడి ఉంటే ఇంకొకరు వచ్చి అడుగుతారు, సున్న వేస్తే ఎవరూ అడగరు.

ఆ మంగళవారం ఆ నీడ కావలసిన వాళ్లు ఒక్కరూ సమావేశంలో లేరు. కాయ ఎక్కువగా దిగిన రోజు, పని వదిలి రావడానికి వీలు లేదు. ఆ పార్కు ఉండాలో పోవాలో తేల్చిన గదిలో ఉన్నది వీళ్లు: కమిషనర్ ప్రభావతి, పట్టణ ప్రణాళిక అధికారి చంద్రమౌళి, అసిస్టెంట్ ఇంజనీరు ఇమ్రాన్, కౌన్సిలర్ శ్రీరాములప్ప, మండీ వ్యాపారుల తరఫున ఈశ్వరయ్య, కన్సల్టెన్సీ నుంచి భార్గవి, మినిట్స్ రాసిన గుమాస్తా గిరిజ, టీ తెచ్చిన అటెండరు నరసింహులు, మేస్త్రీ రెడ్డెమ్మ అనే నేను.